కన్నీళ్ళూ, మంచినీళ్ళూ

శరత్ బాబు ‘మహేశ్’ కథ చదివి కంటతడి పెట్టని ఆడవాళ్ళు మన ఇళ్ళలో అరుదు. చక్రపాణి గారి వంటివాళ్ళ అనువాదాల పుణ్యమా అని శరత్ మనకి పొరుగింటి పెద్దమనిషి అయిపోయారు కదా! నేనైతే ఆ కథ చదివి పెళ్ళి కాకముందు ఏడ్చాను, పెళ్ళయ్యాక ఏడ్చాను, పిల్లలకి చదివి వినిపిస్తూ ఏడ్చాను. ఏడ్చి అలవాటైన చోట మళ్ళీ ఏడవడం విశేషమేమీ కాదనుకోండి. కానీ కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం నేను అలా ఏడుస్తూ ఉండగా మా అత్తగారు వచ్చి, నా చేతిలో పుస్తకం మీద ఓ ఖాళీ సత్తుగిన్నె బోర్లించారు.

“అమ్మాయ్, ఆ బెంగాలీ ఎద్దు ఎప్పుడో పోయింది. మన డాబా మీది దాన్ని చూసి రా” అన్నారు.

డాబా మీద ఉన్నది మా రాణి. నాటుకుక్కే. పిల్లలు పోరు పెడితే మా వారు పట్టుకొచ్చారు. పొద్దున్న బట్టలు ఆరేయడానికి వెళ్ళినప్పుడు దాన్ని ట్యాంకు నీడన గొలుసుతో కట్టాను. నీడ కదులుతుందన్న ఇంగితం నాకు లేకపోయింది. రెండు గంటలయ్యేసరికి నీడ అటు గోడవైపు వెళ్ళిపోయింది. గొలుసు మాత్రం అక్కడే ఉంది. నీళ్ళగిన్నె ఎప్పుడో తన్నేసుకుంది. పొద్దుటినుంచీ అరుస్తూనే ఉందిట. నేను మాత్రం ‘మహేశ్’లో మునిగిపోయి, “ఛ, ఈ కుక్క ఏకాగ్రతగా చదువుకోనివ్వదు” అని కిటికీ తలుపు వేసుకున్నాను.

మిగతాది చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాలుక బయట వేలాడేసి, లేవలేక పడి ఉన్న దాన్ని కిందికి మోసుకొచ్చి, తడిపి, ఫ్యాను కింద పెట్టి, ఆటోలో పశువుల డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాం. మనకి చెమట పట్టి ఒళ్ళు చల్లబడినట్టు కుక్కలకి చల్లబడదట. వాటికి చెమట పట్టేది ఎక్కువగా పాదాల అడుగునే. అందుకే నోరు తెరిచి రొప్పడమే వాటికి పెద్ద ఆధారం. కాలే డాబా మీద, చుక్క నీరు లేకుండా, ఎంతసేపని రొప్పుతుంది?

రాణి బతికింది. దాన్ని బల్లమీద పడుకోబెట్టి సెలైను ఎక్కిస్తూ డాక్టరు గారు నన్ను ప్రశ్నలడిగారు. ఏం తింటుంది? పడక ఎక్కడ? రోజులో ఎంతసేపు గొలుసు మీద ఉంటుంది? ఎవరితో ఆడుకుంటుంది? దేనికి భయపడుతుంది? దీని బాధ్యత ఇంట్లో ఎవరిది? సగం ప్రశ్నలకి నా దగ్గర జవాబు లేదు. అదే గఫూర్ ఇంట్లో మహేశ్ ఏం తిన్నదీ, ఎప్పుడు తిన్నదీ అడిగివుంటే వరసగా అప్పజెప్పేదాన్ని!

ఇంటికొచ్చాక ఆ ప్రశ్నలే పట్టుకుని నా పుస్తకాల బీరువా ముందు కూర్చున్నాను. మూగజీవాల కథల్లో మంచిదేది, ఊరికే ఏడిపించేదేది అని తేల్చడానికి ఇంతకంటే మంచి కొలత నాకు కనిపించలేదు. ఈ కథలో ఆ జంతువుకి నీళ్ళెవరు పెట్టారు? ఇదీ ప్రశ్న.

ఈ కొలతకి చాలా పేరున్న కథలు నిలవలేదు సుమండీ. పంచతంత్రంలో ముంగిస కథే తీసుకోండి. పసివాణ్ణి పాము నోటినుంచి కాపాడిన ముంగిసని, నోటికంటిన నెత్తురు చూసి తొందరపడి చంపేస్తారు. దాన్నించి మనం నేర్చుకునే నీతి ఏమిటి? తొందరపడితే మనకే నష్టం అని! ముంగిసకి జరిగిన నష్టం గురించి నీతి ఏమీ లేదు. మహాభారతం చివర ధర్మరాజు వెంట నడిచిన కుక్క ఉంది. ఆయన దాన్ని వదిలి స్వర్గానికి రానన్నాడు. గొప్ప మాటే, కాదనను. కానీ ఆ కుక్క ఆఖరికి కుక్కే కాదు, సాక్షాత్తూ యమధర్మరాజు. అంత దూరం నడిచిన నిజం కుక్కకి ఆకలి వేసి ఉంటుంది కదా అన్న ఆలోచనే మనకి రాదు. ఈ కథల్లో జంతువు మన గుణాలు పరీక్షించడానికి వస్తుంది. పరీక్ష అయిపోగానే వెళ్ళిపోతుంది.

ఇప్పుడు ‘మహేశ్’ చూడండి. 1920ల్లో రాసిన కథ. మనం దాన్ని గఫూర్ ప్రేమకథగా గుర్తు పెట్టుకున్నాం. ఈసారి చదివితే నాకది గడ్డీ నీళ్ళ పద్దు పుస్తకంలా కనిపించింది. ఊరుమ్మడి పచ్చికబీడుని జమీందారు డబ్బుకి ఇచ్చేసుకున్నాడు. కాసిని గడ్డి అప్పివ్వమంటే తర్కరత్నంగారు ఇవ్వలేదు. గఫూర్ తన ఇంటికప్పు గడ్డే పీకి ఎద్దుకి వేశాడు. జ్వరమని కూతురికి అబద్ధం చెప్పి తన అన్నం దానికి పెట్టాడు. కరువు రోజుల్లో చిన్నపిల్ల అమీనా ముసల్మాను అయిన కారణంగా నీళ్ళని తాకడానికి వీల్లేక, ఎవరైనా దయతలచి పోసేదాకా దూరంగా నిలబడి కుండ నింపుకు రావాలి. ఆ కుండనే మహేశ్ దాహంతో పడగొట్టింది. అప్పుడే జమీందారు ఇంట్లో దెబ్బలు తిని, ఆకలితో, దాహంతో వచ్చిన గఫూర్ చేతికందిన నాగలిముక్కతో కొట్టాడు.

ఇక్కడే శరత్ గొప్పతనం. గఫూర్ కంటే మహేశ్‌ని ప్రేమించిన వాడు లేడు. చంపినదీ అతనే. ప్రేమ తక్కువై కాదు. సాకేవాడికే గుక్కెడు నీళ్ళు లేనప్పుడు, సాకేవాణ్ణే ఊరు తన్ని తగలేసినప్పుడు, ఆ దెబ్బ ఇంకా నోరులేని దాని మీద పడింది. అంటే పశువు క్షేమం ఒక్క పశువుదే కాదు. దాని మేతా, నీడా, మందూ, తోడూ ఒక ఎత్తు, దాన్ని చూసుకునే మనిషి ఒళ్ళూ మనసూ ఒక ఎత్తు. డాక్టరు గారి చివరి ప్రశ్న ఇదే కదా!

ప్రేమ్‌చంద్ ‘దో బైలోం కీ కథా’ లోనూ ఇదే తెలివి ఉంది. హీరా, మోతీ అనే ఎద్దుల జోడీని యజమాని బావమరిది తోలుకుపోయి, ఎండుగడ్డి పడేసి, కొట్టి, పని చేయించుకుంటాడు. ఆ ఇంట్లో ఓ చిన్నపిల్ల రాత్రిపూట రహస్యంగా చెరో రొట్టె తెచ్చి పెడుతుంది. సవతితల్లి చేతిలో నలిగే పిల్ల అది. ఒక్క రొట్టెతో ఎద్దు ఆకలి ఏం తీరుతుంది? కానీ మనసు నిండింది అంటాడు రచయిత. తరవాత అవి బందెలదొడ్డిలో పడి, తిండీ నీళ్ళూ లేకుండా మాడతాయి. గోడ పగలగొట్టి తక్కిన పశువులన్నిటినీ తోలేసిన మోతీ, తాడుకి కట్టి ఉన్న హీరాని వదిలి వెళ్ళదు. తోడు కూడా మేతలాంటిదేనని ఇంత సూటిగా చెప్పిన కథ నాకింకోటి తెలియదు.

ఇంక ఇంగ్లీషులో ‘బ్లాక్ బ్యూటీ’ ఉంది. 1877లో వచ్చింది. రాసింది అన్నా సెవెల్ అనే ఆవిడ. చిన్నప్పుడు కాలి మడమలు దెబ్బతిని, గుర్రబ్బండి లేనిదే గడప దాటలేని మనిషి. జబ్బుతో మంచం పట్టి, కొంత తాను రాసి, కొంత తల్లికి చెప్పి రాయించింది. పుస్తకం వచ్చిన కొద్ది నెలలకే కన్నుమూసింది. గుర్రం తన కథ తానే చెప్పుకుంటుంది. నిజం చెప్పొద్దూ, ఆ గుర్రం అప్పుడప్పుడు ఆదివారం బడి పంతులమ్మలా నీతులు చెబుతుంది. అది ఆ పుస్తకానికి లోపమే. అయినా ఏ పేజీ తిప్పినా లాయం, గడ్డి, నాడా, పగ్గం వివరాలే. అందం కోసం గుర్రం తల దించకుండా బిగించే పగ్గం ఎంత నరకమో చదివినవాళ్ళు మళ్ళీ ఆ షోకు చూసి మెచ్చుకోలేరు. అందులో ఓ కుర్రాడు, పరుగెత్తి వేడెక్కిన గుర్రానికి మంచి చేస్తున్నాననుకుని చన్నీళ్ళు తాగించి, దుప్పటి కప్పకుండా వదిలేస్తాడు. గుర్రం చావుదాకా వెళ్తుంది. వాడు చెడ్డవాడు కాదు, తెలియనివాడు, అంతే. ఆ అధ్యాయం దగ్గర నేను ఆగిపోయాను. ఆ కుర్రాడి మొహంలో నా మొహమే కనిపించింది మరి!

కన్నీళ్ళు మంచినీళ్ళుగా మారడమూ అసాధ్యమేమీ కాదు. రూత్ హారిసన్ అనే ఇంగ్లీషావిడ 1964లో ‘యానిమల్ మెషీన్స్’ అనే పుస్తకంలో, ఇరుకు గూళ్ళలో పెంచే కోళ్ళూ దూడల బతుకు ఎలా ఉంటుందో రాసింది. జనం గోల చేస్తే అక్కడి ప్రభుత్వం బ్రాంబెల్ సంఘాన్ని వేసింది. 1965లో నివేదిక వచ్చింది. అందులోంచి పెరిగినవే 1979 నాటికి ‘అయిదు స్వేచ్ఛలు’గా స్థిరపడ్డాయి. ఆకలిదప్పులు లేకుండా ఉండటం, ఒళ్ళు ఇబ్బంది పడని చోటు, నొప్పికీ రోగానికీ వైద్యం, తన జాతి సహజంగా మసలుకునే వీలు, భయం లేని బతుకు. మా డాక్టరు గారి ప్రశ్నలు వీటినుంచే పుట్టాయని నాకప్పుడు తెలిసింది.

మన దగ్గరా ఓ ఆడమనిషే ముందు నడిచింది. నాట్యానికి కీర్తి తెచ్చిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పెట్టిన బిల్లే 1960లో వచ్చిన జంతుహింస నివారణ చట్టానికి దారి వేసింది. ఆ చట్టం చదివి నాకు గుండె గుభేలుమంది. చాలినంత తిండీ నీళ్ళూ నీడా ఇవ్వకపోవడం నేరం. ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచే కుక్కని తిప్పకపోవడమూ నేరమే. ఏకాగ్రతగా సాహిత్యం చదువుకోవడానికి మినహాయింపు ఎక్కడా రాసి లేదు.

అయితే ఒక్క మాట. పిల్లలు అడుగుతారు, ఆయన తెస్తారు, ఆ తరవాత గిన్నె నింపేది ఎవరు? మన పనుల జాబితాలో అడుగున మరో పని చేరుతుంది. ఆ రోజు రాణికి నీళ్ళు పెట్టారని నేను అత్తగారిని అనుకున్నాను, ఆవిడ నన్ననుకున్నారు, పిల్లలు ఇద్దర్నీ అనుకున్నారు. అందరి పనీ అంటే ఎవరి పనీ కాదు. అంచేత మా వంటింటి గోడమీద ఇప్పుడు ఓ కాగితం ఉంది. పొద్దున్న తిప్పడం మా వారిది, సాయంత్రం ఆట పిల్లలది, తిండి నాది, అందరి మీదా అజమాయిషీ అత్తగారిది. ఆవిడ కాగితం చూడనక్కర్లేదు, ఆవిడకన్నీ గుర్తే!

రాణి కోలుకుంది గానీ డాబా మెట్లెక్కడం మానేసింది. బట్టలు ఆరేయడానికి నేను పైకి వెళ్తే కింది మెట్టు దగ్గరే కూర్చుని, నేను దిగొచ్చేదాకా పైకి చూస్తూ ఉంటుంది. ఎంత పిలిచినా రాదు. ఈ మధ్య పిలవడం మానేశాను.

గడప పక్కన తన్నినా పడని రాతితొట్టి ఒకటి పెట్టించాం. ‘మహేశ్’ మళ్ళీ చదువుతాను, మళ్ళీ ఏడుస్తాను కూడా. కాకపోతే ఈసారి తొట్టి నింపి వచ్చి కూర్చుంటాను. కిటికీ తలుపు వెయ్యను.