డైనమో పాఠము విమానమెక్కినచో

మన ఉన్నత పాఠశాలలలో విద్యుదయస్కాంత ప్రేరణమును బోధించు తీరుపై ఒక ఫిర్యాదు కలదు. ఫారడే నియమమును వల్లింపజేసి, జనరేటరు పటము గీయించి, భాగముల పేర్లు వ్రాయించుటతో పాఠము ముగియుచున్నది. ఆ విద్యార్థినే, "చిన్న విమానములో ఆకాశమున విద్యుత్తు పోయినచో ఏమగును?" అని అడిగి చూడుడు. "ఇంజను ఆగి విమానము పడిపోవును" అనును. ఇది సినిమాలు నేర్పిన జవాబు. పాఠము దానిని సరిదిద్దలేదు.

పాతబస్తీ పిల్లలకు విమానము వింత కాదు. ఉత్తరమున బేగంపేట, దక్షిణమున శంషాబాదు, ఆగ్నేయమున నాదర్‌గుల్ ఉన్నవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బేగంపేటలో వైమానికులు శిక్షణ పొందిన టైగర్ మాత్ విమానమును పంకాను చేతితో త్రిప్పియే నడిపించెడివారు. దాని ఇంజనుకు బ్యాటరీతో పనియే లేదు. నిప్పురవ్వ నిచ్చునది మాగ్నెటో. ఇంజనుతోబాటు తిరుగు శాశ్వతాయస్కాంతము, దాని ప్రక్కన తీగచుట్ట: అనగా మన పాఠములోని జనరేటరే! సెస్నా 172 వంటి విమానములలోను ఇట్టివి రెండు అమర్చుచు వచ్చిరి. ఆల్టర్నేటరు చెడినను, బ్యాటరీ అడుగంటినను ఇవి రవ్వ లిచ్చుచునే యుండును.

ఇందులో మరొక తమాషా కలదు. మీట 'ఆఫ్' చేయుట యనగా వలయమును తెంపుట యని తరగతిలో చెప్పుదుము. మాగ్నెటో మీట దీనికి విరుద్ధము. ఆపినపుడు అది తీగచుట్టను ఇంజను లోహమునకు కలుపును. ఆ తీగ ఎక్కడైన తెగియున్నచో, మీట ఆపియున్నను రవ్వ పుట్టవచ్చును. నిలిచియున్న విమానపు పంకాను ఊరక చేతితో కదపరాదనుట అందుకే. ప్రాణము తీయగల ఈ సంగతి విద్యుత్పాఠములో ఎందుకు ఉండరాదో నాకు బోధపడదు.

మరి పోవునవేవి? రేడియో, దీపములు, విద్యుత్తుతో కదలు ఫ్లాపులు. వేగమాపకము, ఎత్తుమాపకము గాలిపీడనముపై నడచును. దిక్సూచికి భూమి అయస్కాంతత్వమే చాలును. ఆమ్మీటరు ముల్లు ఖర్చువైపు వాలగానే వైమానికుడు సూచికపట్టీ ననుసరించి ఆల్టర్నేటరును తిరిగి నడిపింప జూచును. అది లేవనిచో అనవసరమైన భారములను ఆపి, దగ్గరి విమానాశ్రయమునకు మరలును. రేడియో మూగబోయినను, నియంత్రణ గోపురము నుండి నిలకడగా వెలుగు పచ్చదీపము చూపినచో దిగవచ్చును. ఫ్లాపులు రానిచో వేగము హెచ్చుగా నుండును గనుక పొడవైన రన్‌వే కావలెను.

ఇక లెక్క చూడుడు. 12 ఆంపియరు-గంటల బ్యాటరీపై 24 ఆంపియర్ల భారమున్న అరగంట. 6 ఆంపియర్లకు దించిన రెండు గంటలు. పాత బ్యాటరీ అంతసేపు రాదు. ఇట్టి ప్రశ్న ఒక్కటైన పరీక్షలో ఏల రాదు?

అట్లని "విద్యుత్తు పోయినను ఇంజను ఆగదు" అని మరొక సూత్రమును వల్లింపజేయవద్దు. 2007 మార్చిలో జర్మనీలోని స్పేయర్‌లో రెండు డీజిలు ఇంజనుల డైమండ్ డీఏ-42 విమానమును, బ్యాటరీ అడుగంటియుండగా బయటి విద్యుత్తుతో నడిపించి ఎగిరించిరి. చక్రములను లోనికి ముడువగానే వోల్టేజి పడిపోయినది. ఇంజనులను శాసించు ఎలక్ట్రానిక్ పెట్టెలు పని మానినవి. రెండు ఇంజనులును ఆగినవి. ఈ ఇంజనును, టైగర్ మాత్ ఇంజనును నల్లబల్లపై ప్రక్కప్రక్కన గీసి చూపుటకు ఒక్క పీరియడు చాలును.