ఊరి బస్సు ఆగే దిక్కు

వేసవి సెలవులిస్తే చాలు, మరిపెడ నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "చిన్నాయినా, పట్నం వస్తున్నం, ఇల్లు చూడాలె." బడులు ఏప్రిల్ చివర్లో మూస్తారు, జూన్ 12న తెరుస్తారు, ఆ వెనకే ఆషాఢం తయారుగా ఉంటుంది. ఆషాఢంలో కొత్తింట్లో పాలు పొంగించే ధైర్యం మావాళ్లెవరికీ లేదు. అందుకే ఇల్లు వెతకడం, అడ్వాన్సు కట్టడం, డీసీఎంలో సామాను ఎక్కించి దించడం అన్నీ ఆ నెలన్నరలోనే అయిపోవాలి. ఊరోళ్లకు ఇల్లు చూసిపెట్టడం నాకు జీతం లేని కొలువై చాలా ఏళ్లయింది. ఈ కొలువులో నేను అందరికీ చెప్పేది ఒకటే మాట. ఆఫీసు ఎంత దూరమో తర్వాత చూద్దాం, ముందు ఊరి బస్సు ఎక్కడ ఆగుతుందో చూడు.

మాదాపూర్‌లో పనిచేసే పిల్లలు ఈ మాటకు నవ్వుతారు. నవ్వనీ. హైదరాబాద్‌ను ఒకసారి చుట్టూ తిరిగి చూస్తే, మన జిల్లాలన్నీ తమ తమ రోడ్లు పట్టుకుని వచ్చి నగరం అంచుల్లో దిగిపోయినట్టు కనిపిస్తుంది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వాళ్లు విజయవాడ రోడ్డు లోపలికొచ్చే చోట, అంటే హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్‌లో ఎక్కువ. వరంగల్, జనగామ వాళ్లు ఘట్‌కేసర్, బోడుప్పల్, ఉప్పల్. కరీంనగర్ వాళ్లకు అల్వాల్ దగ్గర. పాలమూరు వాళ్లు చాలామంది ఆరాంఘర్ దాటి లోపలికి రారు. అందరూ ఇట్లాగే ఉంటారని కాదు, కానీ దసరా ముందురోజు ఉప్పల్ రింగురోడ్డులో ఒకసారి, ఎల్బీనగర్ చౌరస్తాలో ఒకసారి నిలబడి చూడండి, మీకే అర్థమవుతుంది.

మా మరిపెడతో ఒక చిక్కుంది. ఊరు వరంగల్–ఖమ్మం రోడ్డు మీద ఉంది. మరిపెడ బంగ్లా అంటేనే బస్సు వాళ్లకు తెలుస్తుంది. 2016 అక్టోబరు 11 నుంచి మాది మహబూబాబాద్ జిల్లా, అయినా ఎవరైనా అడిగితే నోటికి వరంగల్ అనే వస్తుంది. హైదరాబాద్‌కు దిగువనుంచి సూర్యాపేట మీదుగా రావచ్చు, ఎల్బీనగర్‌లో దిగుతాం. పైనుంచి తొర్రూరు, జనగామ మీదుగా రావచ్చు, ఉప్పల్‌లో దిగుతాం. దాంతో ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు ఒకరు బోడుప్పల్‌లో, ఒకరు వనస్థలిపురంలో ఇళ్లు పెట్టారు. ఎవరి రోడ్డు మంచిదో దావత్‌లలో ఇప్పటికీ తేలలేదు. పెళ్లయినవాళ్ల విషయంలో భార్య పుట్టినిల్లు ఏ రోడ్డు మీద ఉందో చూస్తే మిగతా లెక్క దానంతటదే తేలిపోతుంది. తొర్రూరు ఆడబిడ్డ అయితే ఉప్పల్, సూర్యాపేట ఆడబిడ్డ అయితే ఎల్బీనగర్. మధ్యేమార్గం కావాలన్నవాళ్లకు నేను నాగోల్ చెబుతాను. ఇన్నర్ రింగురోడ్డు మీద రెండు చౌరస్తాలకూ నడుమ ఉంటుంది.

ముందు తరాలు కూడా ఏరియాను ఊరివాళ్లను చూసుకునే ఎంచుకున్నాయి. తెలంగాణ నుంచి పోయి బొంబాయిని కట్టిన కామాటీల వల్లే అక్కడొక పేటకు కామాటిపుర అని పేరు. మగ్గం పనికి భివండీ పోయిన పద్మశాలీలు పద్మానగర్‌లో ఒకరి పక్కన ఒకరు చేరారు. కానీ వాళ్లు ఊరికి ఏడాదికో, రెండేళ్లకో రైలెక్కి వచ్చేవాళ్లు. పక్కన తెలుగు మాట్లాడేవాడు ఉంటే చాలు అనుకున్నారు. మా సంగతి వేరు. మాకు ఊళ్లో మిర్చి చేను ఉంటుంది, కౌలుకిచ్చిన పొలం ఉంటుంది, రేషన్ కార్డు ఉంటుంది, ఓటు ఉంటుంది, అన్నిటికంటే ముందు కదిలి రామనే అవ్వాబాపులు ఉంటారు. నాకు తెలిసిన కుటుంబాల్లో సగం ఆదివారాలు పట్నంలో గడవవు. పసుపుకుంకుమలో, దినాలో, పత్తి ఏరడానికి కూలీల లెక్కో ఏదో ఒకటి పిలుస్తూనే ఉంటుంది.

రాత్రి పూట వచ్చే ఫోన్ సంగతి కూడా చెప్పాలి. బాపుకు ఛాతీలో నొప్పి అని రాత్రి ఒంటిగంటకు తమ్ముడు ఫోన్ చేస్తే, మియాపూర్‌లో ఉన్నవాడు ఎల్బీనగర్ చేరేలోపు వనస్థలిపురంలో ఉన్నవాడు చౌటుప్పల్ దాటుతాడు. తిరుగుదారిలోనూ అంతే. ఊరి నుంచి పెద్దమనిషిని అంబులెన్సులో తెస్తే ఎల్బీనగర్‌లో, ఉప్పల్‌లో దించుకునే ఆసుపత్రి దగ్గరే మన ఇల్లుంటే క్యారేజీ పట్టుకుపోవడానికి కాళ్లు చాలు. ఇక చెప్పుకోవడానికి మనసు రాని మాట ఇంకొకటి. కిరాయి ఇంట్లో మనిషి పోతే శవాన్ని గేటు లోపలికి రానివ్వని ఓనర్లు ఈ నగరంలో ఉన్నారు. అప్పుడు దారి ఊరికే. ఆ రోడ్డు ఎంత దగ్గరుంటే అంత మేలు.

మరి కొలువు? దానికీ ఇప్పుడు దారి దొరికింది. మియాపూర్–ఎల్బీనగర్ మెట్రో 2018లో పూర్తయింది. నాగోల్ నుంచి మొదలయ్యే లైను 2019 నవంబరులో రాయదుర్గం దాకా పోయింది. నాగోల్‌లో ఎక్కినవాడికి సీటు దొరుకుతుంది, మధ్యలో మారే పని లేదు, కునుకు తీస్తే ఐటీ ఆఫీసుల మధ్య దిగుతాడు. కొండాపూర్‌లో కిరాయి కట్టే పైకంతో ఇటువైపు పెద్ద ఇల్లే వస్తుంది, పైగా ఊరి రోడ్డు చేతిలో ఉంటుంది. రైలు నమ్ముకునేవాళ్లు మహబూబాబాద్‌లోనో డోర్నకల్‌లోనో ఎక్కి వస్తారు. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరిచాక వాళ్ల చూపు అటు మళ్లింది. ఇద్దరూ ఉద్యోగం చేస్తూ, అత్తామామలు ఇంకా గట్టిగా ఉన్న జంట అయితే నా మాట వినక్కర్లేదు, ఆఫీసు పక్కనే ఉండొచ్చు. నేను చెప్పేది సంసారాలకు.

ఏరియా కుదిరాక గల్లీ. ఇక్కడ నేను నీళ్ల దగ్గరే ఆగుతాను. నల్లా నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, ఎంతసేపు, సంపు ఎంత, బోరు ఎండాకాలం పోస్తుందా అన్నది ఓనర్‌ను అడిగితే లాభం లేదు, ఇస్త్రీ బండి ఆయన్ను అడగాలి. వద్దనుకునే నీళ్లు ఇంకో రకం, అవి వానాకాలం వస్తాయి. 2020 అక్టోబరు వానకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు, నాగోల్ అయ్యప్ప కాలనీ ఎట్లా మునిగాయో అందరూ టీవీల్లో చూశారు. మావాళ్లు చూడక్కర్లేదు. 2024 సెప్టెంబరు 1 తెల్లారేసరికి మా దగ్గరి ఆకేరు వాగు పొంగి సీతారాంతండా మునిగింది. పురుషోత్తమాయగూడెం దగ్గర వంతెన మీదికి వచ్చిన వరద, విమానాశ్రయానికి బయల్దేరిన తండ్రీకూతుళ్లను కారుతో సహా ఎత్తుకుపోయింది. ఆకేరును అట్లా చూసినవాడు ఇల్లు చూడ్డానికొస్తే, పాలరాయి నేల కంటే ముందు చెరువెటుందని అడుగుతాడు. గోడకు కొత్త రంగేస్తే వరద మరక కనిపించదు. అందుకని నేను కరెంటు మీటరు పెట్టె చూస్తాను. పక్క ఇళ్లన్నిట్లో మోకాలి ఎత్తున ఉండి, ఈ ఇంట్లో మాత్రం ఛాతీ ఎత్తుకు మార్చి కొత్త పైపు వేసి ఉంటే ఇక పైకెక్కి గదులు చూసే పని లేదు.

ఇంటి ఇల్లాలిని తీసుకురాకుండా ఇల్లు చూడ్డానికి వచ్చే మగవాళ్లను ఇప్పుడు వెనక్కి పంపిస్తున్నాను. పొద్దున పోయి రాత్రి వచ్చేవాడికి గల్లీతో పనేముంది? రోజంతా అక్కడ ఉండేది ఆమె. పక్కింటివాళ్లు పలకరిస్తారా, బతుకమ్మ ఎక్కడ పెడతారు, పిల్లల బడి వ్యాను గల్లీలోకి వస్తుందా, బ్లౌజు కుట్టేవాళ్లున్నారా, ఇవన్నీ ఆమె మెట్ల మీద నిలబడి పది నిమిషాల్లో కనుక్కుంటుంది.

అన్నీ కుదిరాక ఓనర్ దిగుతాడు. మరిపెడ చుట్టూ తండాలే ఎక్కువ. చదువుకుని కొలువులు దొరికిన లంబాడీ పిల్లలు చాలామంది నా చేతి మీదుగా ఇల్లు చూసుకున్నారు. తలుపు తాళం తీసేదాకా మర్యాదే. "ఎంతమందుంటరు?" "నలుగురం." "వెజ్జా, నాన్‌వెజ్జా?" "ఆదివారం తింటమండి." వంటింటి నల్లా తిప్పి చూపిస్తూనే, మొహం మనవైపు తిప్పకుండా, "మీరేమిటోళ్లు?" అని కులం అడుగుతాడు. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే పిల్లగాడు ఒకడు ఉన్నమాట చెప్పాడు. ఓనర్ నల్లా కట్టేసి, "మా చుట్టాలొకరు అడిగిన్రు, వాళ్లు వద్దంటే ఫోన్ చేస్త" అన్నాడు. ఆ ఫోన్ వచ్చేది కాదని అక్కడున్న ముగ్గురికీ తెలుసు. టులెట్ బోర్డు మీద ఎవరూ రాయని షరతు ఇది. దళిత కుటుంబాలకు ఇంకా ముందే, ఇంటిపేరు దగ్గరే ఆగిపోతుంది. సొంతూళ్లో ఏ వాడ ఎటుందో పుట్టగానే తెలుస్తుంది. పట్నంలో అది తెలుసుకోవడానికి మెట్లెక్కి దిగాలి.

ఇప్పుడు నేను కుటుంబాన్ని గేటు దాకా తీసుకెళ్లి అవమానం చేయించను. ముందే ఫోన్లో చెప్పేస్తాను. "తండా వాళ్లండి. మాంసం వండుతరు. పండక్కి ఊరి నుంచి ఆరేడుగురు వచ్చి నాలుగు రోజులుంటరు. ముసలాయన ఆసుపత్రికొస్తే ఇక్కడే ఉంటడు. ఇస్తరా?" ఇవ్వనన్నవాళ్లతో వాదించను, నంబరు కొట్టేస్తాను. ఇస్తామన్నవాళ్ల నంబర్లు ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను, గల్లీ పేరుతో సహా. అవి హస్తినాపురం, బీఎన్ రెడ్డి నగర్ వైపు ఎక్కువ తేలుతున్నాయి, ఉప్పల్ వైపు తక్కువ. ఈ వేసవిలో అడిగిన తండా కుటుంబానికి తొర్రూరు రోడ్డే దగ్గర, అయినా ఎల్బీనగర్ వైపే చూడమన్నాను.