సగటు మనిషీ సుబ్బయ్యా

తెలుగు పాఠకుల్లో చాలామందికి మనస్తత్వశాస్త్రం నవలల ద్వారానే పరిచయం. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, రావిశాస్త్రి ‘అల్పజీవి’, నవీన్ ‘అంపశయ్య’ చదివినవాళ్లకు సీతారామారావు, దయానిధి, సుబ్బయ్య, రవి సొంత బంధువులకన్నా బాగా తెలుసు. ఆ చనువుతో డిగ్రీలో సైకాలజీ మేజర్ తీసుకున్న విద్యార్థికి తీరా చేతికొచ్చేవి ముల్లర్-లయర్ గీతలు, అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పరికరం, సగటూ ప్రామాణిక విచలనమూ కట్టే లెక్కలు. మోసపోయానని అనుకుంటాడు. అనుకోవడంలో తప్పులేదు గానీ, ఆ రెండు చదువులకూ ఉన్న చుట్టరికం అతను ఊహించినదానికన్నా దగ్గరిది.

రెండూ మొదలైంది తనలోకి తాను చూసుకోవడంతోనే. 1879లో లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల పెట్టినప్పుడు, తన అనుభవాన్ని తానే గమనించి చెప్పడంలో తర్ఫీదు పొందినవాళ్లే అక్కడి సాక్షులు. 1913లో అమెరికా మనస్తత్వవేత్త వాట్సన్ ఆ సాక్ష్యం చెల్లదన్నాడు; బయటికి కనబడే ప్రవర్తనే చదవదగ్గదన్నాడు. ఆ వాదం అమెరికా విశ్వవిద్యాలయాల్లో రాజ్యమేలుతున్న 1940లలోనే, ఇక్కడ తెలుగు నవల అంతఃపరిశీలనను చేరదీసింది. అక్కడ శాస్త్రం గెంటేసిన పద్ధతి, ఇక్కడ సాహిత్యానికి ఆయువుపట్టయింది. అలాగే మన కళాశాలల ప్రాక్టికల్ రికార్డులూ దాన్ని పూర్తిగా వదులుకోలేదు. ఫలితాల పట్టికతో పాటు, ప్రయోగం చేయించుకున్నవాడికి లోపల ఏమనిపించిందో రాసే ఆనవాయితీ చాలాచోట్ల నిలిచింది.

స్కేలు పెట్టి కొలిచి రెండు గీతలూ సమానమని తేల్చుకున్నాక కూడా, ముల్లర్-లయర్ బొమ్మలో ఒకటి పొడుగ్గానే కనబడుతుంది. అలాగే సీతారామారావు తన పతనాన్ని తానే విశ్లేషించుకుంటాడు, అయినా ఆపుకోలేడు. తెలిసినంత మాత్రాన భ్రమ వదలదని రికార్డూ నవలా ఒకే మాట చెబుతున్నాయి. కాకపోతే రికార్డు ఆ భ్రమను మిల్లీమీటర్లలో కొలిచి, తరగతి మొత్తానికీ సగటు కడుతుంది. నవల మాత్రం ఒక్కడి వెంటే చివరిదాకా నడుస్తుంది.

ఇక్కడితో ఆగితే శాస్త్రానిది సామాన్యం, నవలది వ్యక్తి అని తేల్చేయవచ్చు. కానీ పాఠ్యపుస్తకం తెరిస్తే ఎదురయ్యేది ఒంటరి మనుషులే. జ్ఞాపకశక్తిపై 1885లో ఎబ్బింగ్‌హాస్ ప్రచురించిన పరిశోధనకు ప్రయోజ్యుడు ఆయన ఒక్కడే. 1848లో ఇనుప కడ్డీ తలలోంచి దూసుకుపోయినా బతికిన ఫినియస్ గేజ్, 1953లో శస్త్రచికిత్స తర్వాత కొత్త జ్ఞాపకాలు నిలుపుకోలేకపోయిన హెచ్.ఎం. లేకుండా మెదడు పాఠం సాగదు. నవలలేమో పేరు పెట్టడంలోనే వర్గీకరణకు దిగాయి. గోపీచంద్, రావిశాస్త్రి తమ నవలలకు నాయకుడి పేరు పెట్టలేదు. అతను ఏ రకం మనిషో చెప్పే పేరు పెట్టారు.

శాస్త్రమూ నవలా నిజంగా కలుసుకునేది సోషల్ సైకాలజీ పాఠంలో. సుబ్బయ్యది ఆత్మన్యూనత అని రాస్తే పరీక్షలో మార్కులు పడతాయి. కానీ రావిశాస్త్రి చూపించింది అంతకన్నా పెద్దది: ఆఫీసూ, డబ్బూ, బావగారి దబాయింపూ కలిసి ఒక మనిషిని ఎలా అల్పుణ్ణి చేస్తాయో. యేల్ విశ్వవిద్యాలయంలో ప్రయోగాలు చేసిన స్టాన్లీ మిల్‌గ్రామ్ 1963లో ప్రచురించిన ఫలితాలూ ఆ దిక్కే చూపుతాయి. తాము మీట నొక్కినప్పుడల్లా అవతలివాడికి నిజంగా కరెంటు షాక్ తగులుతోందనుకుంటూనే, అధికారి చెప్పాడని 40 మందిలో 26 మంది 450 వోల్టుల చివరి మీట దాకా వెళ్లారు. ఆ లెక్క లేకపోతే సుబ్బయ్య ఒక్కడే పిరికివాడిగా మిగిలిపోతాడు. సుబ్బయ్య లేకపోతే ఆ 26 మంది ఉత్త అంకెగా మిగిలిపోతారు.

లోటు కూడా రెంటిదీ ఒకటే. మనిషి ఎందుకు లొంగుతాడో శాస్త్రమూ నవలా బాగా చెప్పాయి. మధ్యలో ఆగిపోయిన మిగతా 14 మందికి ఆ తెగువ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ ప్రయోగం తేల్చలేదు. తెలుగు మనోవిశ్లేషణ నవల సైతం ఎక్కువగా కుంగినవాళ్లనే నాయకులుగా ఎంచుకుంది. కాదని లేచి నిలబడ్డవాడి మనసు ఎలాంటిదో చెప్పే పని సైకాలజీ విద్యార్థికీ, నవల రాసేవాళ్లకీ ఇంకా బాకీయే.