ప్రపంచ వేదికపై కవ్వాలీ: నుస్రత్ ఫతే అలీ ఖాన్ కీర్తి - ఒక పరిశీలన

ఒక కళాకారుడు తన భాష తెలియని ప్రజల మధ్య ప్రఖ్యాతి పొందినప్పుడు, ఆ ఘనత అంతా అతని ప్రతిభదేనని చెప్పడం పరిపాటి. ప్రతిభ లేనిదే కీర్తి నిలవదు, నిజమే. కాని ప్రతిభ ఒక్కటే దేశాల సరిహద్దులు దాటించదు. దానిని మోసుకుపోయే సాధనాలు కావాలి. ఆ సాధనాలు కళలో దేనిని మోసుకుపోయాయి, దేనిని వదలివేశాయి అన్నదే విమర్శ అడగవలసిన ప్రశ్న. కవ్వాలీ గాయకుడు ఉస్తాద్ నుస్రత్ ఫతే అలీ ఖాన్ (1948-1997) చరిత్ర ఇందుకు తగిన ఉదాహరణ.

పాకిస్తాన్‌లోని లాయల్‌పూర్‌లో, అంటే నేటి ఫైసలాబాద్‌లో, తరతరాలుగా కవ్వాలీ పాడుతున్న కుటుంబంలో ఆయన జన్మించారు. 1964లో తండ్రి మరణించారు. తండ్రి సోదరుడు ముబారక్ అలీ ఖాన్ 1971లో గతించిన తరువాత బృందం నాయకత్వం ఆయనకు సంక్రమించింది. బర్మింగ్‌హామ్‌లోని ఓరియంటల్ స్టార్ ఏజెన్సీస్ విడుదల చేసిన రికార్డులు, క్యాసెట్లు ఆయన గొంతును బ్రిటన్‌లో స్థిరపడిన పాకిస్తానీ, భారతీయ కుటుంబాలకు చేర్చాయి. ఆ శ్రోతలకు ఆయన పాడే మాట తెలుసు. 1985 జూలైలో ఇంగ్లండ్‌లోని మెర్సీ దీవిలో జరిగిన వోమాడ్ సంగీతోత్సవంలో మాట తెలియని శ్రోతలు ఎదురయ్యారు. ఆ ఉత్సవ స్థాపకులలో ఒకరైన పీటర్ గేబ్రియల్ 1989లో నెలకొల్పిన రియల్ వరల్డ్ సంస్థ ఆయన రికార్డులను పాశ్చాత్య దేశాలలో ప్రచారం చేసింది. నిజానికి ఈ దారిలో ఆయన మొదటివారు కారు. సాబ్రీ సోదరులు 1975లోనే అమెరికాలో పాడారు.

కవ్వాలీకి ప్రాణం కలామ్. హమ్ద్, నాత్, ఔలియాల ప్రశంస - ఏది పాడినా మాట శ్రోత హృదయానికి చేరడమే లక్ష్యం. ఒక పంక్తి శ్రోతను కదిలిస్తే కవ్వాల్ దానినే మళ్ళీ మళ్ళీ పాడతాడు. మధ్యలో మరో కవి పంక్తిని గిరహ్‌గా ముడివేసి అర్థానికి కొత్త వెలుగు తెస్తాడు. గానం ఎంతసేపు సాగాలో గడియారం కాక సభ నిర్ణయిస్తుంది. ఇమామ్ గజాలీ (రహ్మలై) ‘ఇహ్యా ఉలూముద్దీన్’లో సమా మర్యాదలను వివరిస్తూ కాలం, స్థలం, సహచరులు అనే మూడింటిని ప్రస్తావించారు. వాద్యసంగీతం విషయంలో ఉలమాల మధ్య ఉన్న అభిప్రాయభేదం ఈ వ్యాస పరిధిలోనిది కాదు. సమాను సమ్మతించినవారు కూడా దానికి షరతులు విధించారన్నదే ఇక్కడ గమనార్హం.

అంతర్జాతీయ కీర్తి ఈ మూడు షరతులనూ మార్చివేసింది. 1990లో కెనడా సంగీతకారుడు మైఖేల్ బ్రూక్ నిర్వహణలో వెలువడిన ‘మస్త్ మస్త్’ ఇందుకు నిదర్శనం. దీర్ఘంగా సాగే గానం అందులో కొద్ది నిమిషాల పాటలుగా కుదించబడింది. మాట కంటె ఆలాపన, సర్గమ్ ముందుకు వచ్చాయి. కూర్పులో కొన్నిచోట్ల పదబంధాలు మధ్యలో తెగి అర్థం చెడిందని బ్రూక్ స్వయంగా అంగీకరించాడు. వాటిని కొంతవరకు సరిదిద్దవలసి వచ్చింది. భాష తెలియనివాని కత్తెరకు నాదం మాత్రమే కనబడుతుంది, వాక్యం కనబడదు.

మాట వీడిన నాదాన్ని ఎక్కడైనా అమర్చవచ్చు. ఈసా ప్రవక్త (అలైహిస్సలాం) జీవితాన్ని కల్పనగా చూపి క్రైస్తవుల నుండే తీవ్ర నిరసన ఎదుర్కొన్న 1988 నాటి హాలీవుడ్ చిత్రం ‘ది లాస్ట్ టెంప్టేషన్ ఆఫ్ క్రైస్ట్’. దాని కోసం గేబ్రియల్ కూర్చిన సంగీతంలో ఈ కంఠమే వినిపించింది. ప్రవక్తల ప్రశంసలో తరతరాలుగా పదునెక్కిన గొంతు అక్కడ దృశ్యానికి నేపథ్యమయింది. కీర్తి గురించిన ఏ లెక్కలోనైనా ఈ మూల్యం కూడా చేరాలి.

అయితే నింద అంతా గాయకుని మీద మోపడం న్యాయం కాదు. 1989లో అదే రియల్ వరల్డ్ విడుదల చేసిన ‘షాహెన్ షా’ సంప్రదాయ పద్ధతిలో, పూర్తి బృందంతో పాడినది. ప్రయోగాలతో పాటు దీర్ఘమైన సంప్రదాయ గానాన్ని ఆయన విడిచిపెట్టలేదు. లోపం ఆయన పాడినదానిలో కంటె లోకం ఎన్నుకున్నదానిలో ఎక్కువగా ఉంది.

ఆ లోకంలో మనమూ ఉన్నాము. హైదరాబాదుకు కవ్వాలీ కొత్త కాదు. ఇక్కడి కవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ 1971లో పద్మశ్రీ పొందారు. కాని తెలుగు మాధ్యమంలో చదువుకుని, ఉర్దూ అంతంత మాత్రంగా, పారశీకం బొత్తిగా తెలియని ముస్లిం యువకుడు ఉర్సులో కూర్చుని వింటున్నది ఏమిటి? మెర్సీ దీవిలో ఆంగ్లేయుడు విన్న నాదమే కదా! అతనికి ఆ కలామ్ అర్థాన్ని తెలుగులో అందించిన గ్రంథాలు ఎన్ని? ఒక ముస్లిం గాయకుని పేరు ప్రపంచమంతటా మోగిందని గర్వించడం తేలిక. ఆయన పాడినదాని అర్థం తెలుసుకోవడం, అందులో స్వీకరించదగినదేదో కాదో ధర్మజ్ఞానంతో విచారించడం కష్టం. ఆ పని పాశ్చాత్య రికార్డు సంస్థలు చేయవు. ఆ బాధ్యత రెండు భాషలూ తెలిసిన మన పండితులదే.