కుట్టి రంగేసే అంగి

బట్టను దారంతో బిగించి రంగులో ముంచే పనికి రెండు దారులున్నాయి. ఒకటి, బట్టను గోటితో చిన్నగా పైకి లేపి దాని చుట్టూ దారం చుట్టడం. గుజరాత్, రాజస్థాన్ బాంధనీ మీది చుక్కలు, మధురై చుంగిడి చీరల మీది చుక్కలు ఇలా వచ్చినవే. రెండోది, బట్ట మీద గీసుకున్న గీత వెంట సూదితో కుట్టుకుంటూ పోయి, ఆఖరున ఆ దారాన్ని లాగి బిగించడం. చుడితే చుక్కలు, వలయాలు వస్తాయి. ఆకో, పువ్వో, ఒంపు తిరిగిన తీగో కావాలంటే మాత్రం కుట్టాల్సిందే. పెన్సిల్ ఎటు పోతే సూది అటు పోతుంది కాబట్టి, ఇంట్లో ఒక అంగీకి తమకు నచ్చిన బొమ్మ తెచ్చుకోవాలనుకునే వారికి రెండో దారే మేలు.

ఈ పని చాలా దేశాల్లో ఉంది. జపాన్‌లో 1608లో ఏర్పడిన అరిమత్సు అనే ఊరు బట్టను కుట్టి, కట్టి రంగేసే షిబోరి పనితోనే పేరు తెచ్చుకుంది. జావా ద్వీపంలో ఇలా కుట్టి రంగేయడాన్ని త్రితిక్ అంటారు. నైజీరియాలో యోరుబా స్త్రీలు నీలిమందు వేసే బట్టలను ఇలాగే కుడతారు. తెలుగు నేల మీద కట్టి రంగేయడం అంటే పోచంపల్లి, పుట్టపాక ముందు గుర్తొస్తాయి. అక్కడ నూలు మగ్గం ఎక్కకముందే పాత సైకిల్ ట్యూబులను సన్నటి పట్టీలుగా కోసి పోగులకు చుట్టి రంగేస్తారు. బొమ్మ నేతలో తేలుతుంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో కట్టుడు పనికి అంత పేరు లేదు. కానీ దానికి కావలసినవన్నీ ఇక్కడే ఉన్నాయి. జమ్మికుంట, ఆదిలాబాద్ మార్కెట్లకు వచ్చే పత్తి, మెట్‌పల్లి ఖాదీ, అడవుల్లో మోదుగు, కరక్కాయ ఉన్నాయి. వీటన్నిటికంటే విలువైనవి బొంత కుట్టే చేతులు. పాత చీరలను పొరలు పొరలుగా పరిచి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా దగ్గర దగ్గరగా వేసే ఆ కచ్చా కుట్టే అంగీ మీదా కావాలి. బొంతలో దారం మెత్తగా పరుచుకుని ఉండాలి, ఇక్కడ ఆ దారాన్నే బలంగా లాగాలి. తేడా అంతే. ఏళ్ల తరబడి బొంతలు కుట్టిన వారికి కుట్టు పొడవు కొలిచి చూపించాల్సిన పని లేదు. వారి చేతి వరుస దానంతటదే సమంగా వస్తుంది, ఈ పనిలో నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టేదీ అదే.

ఇందులో రంగును ఆపేది మడతల ఒత్తిడి. లంగా నాడా లాగినట్టే, కుట్టిన దారాన్ని లాగితే గీత వెంట బట్ట కుచ్చిళ్లుగా ముడుచుకుంటుంది. కుచ్చిళ్లు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా ఒత్తుకుంటే లోపలికి రంగునీళ్లు అంత తక్కువ పాకుతాయి. పైకి తేలిన అంచులు రంగు తాగుతాయి, లోపల దాగిన భాగం తెల్లగా మిగులుతుంది. అందుకే విప్పాక గీత ఏకధారగా కనిపించదు. తెల్లటి చిన్న గాట్ల వరుసగా, అక్కడక్కడా రంగు పాకిన మెత్తటి అంచుతో కనిపిస్తుంది. అచ్చు గుద్దిన బట్టకు ఆ అంచు రాదు. ఇంత శ్రమా ఆ అంచు కోసమే.

ముందు బట్ట సంగతి తేల్చుకోవాలి. నూటికి నూరుపాళ్లు పత్తి బట్ట అయి ఉండాలి. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసేది ఎక్కువగా పాలియెస్టర్, పత్తికి వేసే రంగు దానికి పట్టదు. సగం పాలియెస్టర్ కలిసిన అంగీ అయితే ఎంత రంగేసినా వెలిసినట్టే ఉంటుంది. అనుమానం ఉంటే మడత లోపలి నుంచి ఒక పోగు తీసి కాల్చి చూడాలి. పత్తి పోగు కాగితం కాలిన వాసనతో మండి బూడిదవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి గుండు కడుతుంది. చేనేత బట్టకు గంజి, మిల్లు బట్టకు మెరుగు కోసం పెట్టిన పూత ఉంటాయి. ఇవి పోయేలా సబ్బు పొడి, కొద్దిగా బట్టల సోడా వేసిన నీళ్లలో అరగంట ఉడికించి జాడించాలి. ఆరాక బట్ట మీద ఒక నీటి చుక్క వేస్తే అది నిలవకుండా వెంటనే ఇంకిపోవాలి. నిలిచిందంటే మళ్లీ ఉడికించాల్సిందే. ఇక్కడ తొందరపడితే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది, తర్వాత ఏం చేసినా అది సర్దుకోదు. కుట్టి ఉన్న అంగీ కొంటే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. దర్జీలు వాడేది ఎక్కువగా పాలియెస్టర్ దారమే కాబట్టి కాలరు చుట్టూ, జేబు చుట్టూ కుట్లు తెల్లగానే మిగిలిపోతాయి. అది నచ్చని వారు ముందు బట్టకు రంగేసి తర్వాత అంగీ కుట్టించుకోవాలి. ఖాదీ గుడ్డ కొని ఇలా చేసుకోవడమే అన్నిటికంటే బాగుంటుంది. అంగీ కంటే పరిచిన గుడ్డ మీద కుట్టడం తేలిక, కుచ్చిళ్లు కూడా సమంగా పడతాయి.

బొమ్మను మెత్తటి పెన్సిల్‌తో పలుచగా గీయాలి. దారం రెండు పోగులు తీసుకోవాలి. ఇక్కడ పాలియెస్టర్ దారమే మేలు. అది లాగితే తొందరగా తెగదు, రంగు కూడా పట్టదు. ముదురు నీలం వేయబోయే బట్టకు ఎర్ర దారమో పసుపు దారమో వాడితే విప్పేటప్పుడు వెతుక్కునే బాధ ఉండదు. చివర వేసే ముడి పెద్దది కావాలి. ఒంటి ముడి లాగిన లాగుకు నేతలోంచి జారి బయటికొస్తుంది. ముడికీ బట్టకూ మధ్య చిన్న గుడ్డపీలిక పెడితే ముడి జారదు, తర్వాత కత్తెర పెట్టడానికీ చోటు దొరుకుతుంది. కుట్టు 4 నుంచి 6 మిల్లీమీటర్ల మధ్య ఉంటే గీత స్పష్టంగా వస్తుంది. సెంటీమీటరు దాటితే కుచ్చిళ్లు వదులై గీత చెదిరిపోతుంది. ఒక గీత పూర్తయ్యాక నాలుగు వేళ్ల దారం వదిలి తెంపాలి. అన్ని గీతలూ కుట్టడం అయ్యేదాకా ఒక్కదాన్నీ లాగకూడదు. ఒకటి లాగగానే బట్ట ముడుచుకుపోయి పక్క గీత కనపడదు.

లాగడం వేరే పని, దానికి వేరుగా కూర్చోవాలి. బట్ట మీద కాసిని నీళ్లు చల్లితే దారం సులువుగా జారుతుంది. ఒక చేత్తో దారం పట్టుకుని, రెండో చేతి గోళ్లతో కుచ్చిళ్లను ముడి వైపు నెట్టుతూ పోవాలి. మధ్యలో ఎక్కడా ఖాళీ కనపడని దాకా నెట్టి, చివర వెనక్కి ఒక చిన్న కుట్టు వేసి, రెండు పోగులూ విడదీసి ముడి బిగించాలి. ముడి పడే క్షణంలో దారం కొద్దిగా వదులైతే ఆ కాస్త సందులోంచే రంగు లోపలికి పోతుంది. ఇద్దరు కలిసి చేస్తే, ఒకరు లాగి పట్టుకుంటే ఇంకొకరు ముడి వేస్తే, పని చక్కగా కుదురుతుంది.

కుట్టు మారితే గీత స్వభావం మారుతుంది. గీత దగ్గర బట్టను మడిచి, మడత అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోపల రెండు పొరలూ కలిపి కుడితే గీత జంటగా వస్తుంది. మడత మీదుగా సూదిని చుట్టి చుట్టి కుడితే ఏటవాలు గీతలు వరుసగా పడతాయి. అర సెంటీమీటరు ఎడంతో పక్కపక్కనే పది పదిహేను వరుసలు కుట్టి అన్నీ లాగితే టేకు చెక్క మీది చారల లాంటి అల్లిక వస్తుంది. ఆకు కావాలంటే బట్టను మడిచి, మడత మీద సగం ఆకు గీసి, రెండు పొరలూ కలిపి కుట్టాలి. విప్పితే నిండు ఆకు కనిపిస్తుంది. మోదుగు ఆకు వేయాలనుకునే వారికి చిన్న చిక్కు వస్తుంది. మోదుగుకు ఒక్కో కాడకు మూడు ఆకులు. మధ్య ఆకు రెండు వైపులా సమంగా ఉంటుంది కాబట్టి దాన్ని మడత మీద కుట్టవచ్చు. పక్క ఆకులు రెండూ ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువగా వంగి ఉంటాయి. వాటిని మడవకుండా, అంచు వెంట విడిగా కుట్టాలి. మడత మీద మూడూ ఒకే తీరుగా కుడితే అది మోదుగు ఆకులా కనపడదు. గోండులు గుస్సాడి నాట్యంలో పెట్టుకునే టోపీలోని నెమలి కన్నులకు ఒకదానిలో ఒకటి మూడు వలయాలు కుడితే చాలు. బయటి వలయాన్ని ఆఖరున లాగాలి.

రంగుల్లో ఇంటికి అనువైనవి చన్నీళ్ల రియాక్టివ్ రంగులు. 1956లో ఇంగ్లండ్‌కు చెందిన ఐసీఐ కంపెనీ ప్రొసియన్ పేరుతో వీటిని మార్కెట్లోకి తెచ్చింది. సోడా తగలగానే ఇవి పత్తి పోగుతో రసాయనికంగా ముడిపడతాయి, అందుకే ఉతికినా పోవు. 200 గ్రాముల అంగీకి 4 లీటర్ల నీళ్లు, మధ్యరకం రంగుకు 5 గ్రాముల పొడి, 200 గ్రాముల ఉప్పు, 80 గ్రాముల బట్టల సోడా సరిపోతాయి. వంట సోడా ఇందుకు పనికిరాదు. పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు గ్లౌజులు తప్పనిసరి. వాడిన బకెట్, గరిటె మళ్లీ వంటింటికి రాకూడదు.

కుట్టి బిగించిన ముద్దను ముందు మామూలు నీళ్లలో నానబెట్టి పిండాలి. మడతల్లో నీళ్లు చేరి ఉంటే రంగు లోపలికి దూసుకుపోదు. పొడి బట్టను నేరుగా రంగులో వేస్తే తెల్ల గీతలు సన్నబడిపోతాయి. రంగు, ఉప్పు కలిపిన నీళ్లలో అరగంట సేపు నెమ్మదిగా తిప్పుతూ ఉంచి, ముద్దను పైకి తీసి, సోడాను విడిగా వేడినీళ్లలో కరిగించి కలిపి, మళ్లీ ముంచి గంటసేపు ఉంచాలి. ఈ రంగులకు నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. రామగుండం ఎండాకాలంలో బకెట్‌ను ఆరుబయట పెడితే చాలు. ఆదిలాబాద్‌లో డిసెంబర్, జనవరి నెలల్లో రాత్రి చలి పది డిగ్రీల కిందికి పడిపోతుంది. అప్పుడు నీళ్లు కాచి పోయకపోతే రంగు సగం పట్టి సగం జాడింపులో పోతుంది.

రంగు దిగాక వెంటనే విప్పాలన్న ఆత్రం సహజమే. దాన్ని ఆపుకోవాలి. ముద్దను ముద్దగానే చల్లటి నీళ్లలో, నీళ్లు తేటబడేదాకా జాడించాలి. వదులుగా ఉన్న రంగు తెల్ల గీతల మీదికి పాకకుండా ఉండాలంటే ఇదే మార్గం. తర్వాత గుడ్డపీలిక కింద చిన్న కత్తెర మొన పెట్టి ముడిని తెంపి, బట్టను రెండు వైపులా మెల్లగా లాగితే కుచ్చిళ్లు విచ్చుకుని దారం బయటికొస్తుంది. దారాన్ని పట్టుకుని గుంజితే నేత చిరుగుతుంది. విప్పాక వేడినీళ్లలో సబ్బుతో ఉతకాలి.

చెట్ల రంగులతోనూ చేయవచ్చు, పద్ధతి మాత్రం కొంత మారుతుంది. కాముని పున్నానికి పిల్లలు మరిగించే మోదుగు పూలు పటికతో కలిస్తే మంచి పసుపు వన్నె ఇస్తాయి. ముందు కరక్కాయ నీళ్లలో నానబెట్టిన బట్టకు ఆ రంగు బాగా పడుతుంది, అయినా ఎండకు వెలిసిపోతుంది. కోరుట్ల, మెట్‌పల్లి వైపు విరివిగా పండే పసుపు ఇంకా తొందరగా వెలుస్తుంది, సోడా సబ్బు తగిలితే ఎర్రబారుతుంది. కరక్కాయకు కొద్దిగా అన్నభేది చేరితే బూడిద రంగు నుంచి నలుపు దాకా వస్తుంది. అన్నభేది ఎక్కువైతే కొన్నాళ్లకు నూలు పెళుసెక్కుతుంది. ఈ రంగులను గంటసేపు మరిగించాలి కాబట్టి రంగు మడతల్లోకి చేరి గీతలు పలుచబడతాయి. కుట్టిన బట్టకు అన్నిటికంటే బాగా కుదిరేది నీలిమందు. అందులో బట్టను కొన్ని నిమిషాలే ముంచుతారు, బయటికి తీశాక గాలి తగిలి పచ్చదనం నీలంగా మారుతుంది. రంగు లోతుకు పోయేలోపే పని అయిపోతుంది, అందుకే తెల్లదనం తెల్లగా నిలుస్తుంది.

మొదటి మూడు ఉతుకులు విడిగా ఉతికి, నీడలో తిరగేసి ఆరవేయాలి. సూది చేసిన రంధ్రాలు రెండో ఉతుక్కు పూడుకుంటాయి. ఉప్పు, సోడా కలిసిన నీళ్లను చెట్ల పాదుల్లో పోయకూడదు.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోని మహిళా సంఘాలు, కుట్టు శిక్షణ కేంద్రాలు కచ్చా కుట్టు ఎలాగూ నేర్పుతున్నాయి. దానికి ఒక బకెట్, రంగు పొడి, సోడా, ఒక వారం సమయం చేర్చి ఈ పనినీ నేర్పాలి. నేర్పేటప్పుడు ఆ ఊళ్లో బొంతలు కుట్టే పెద్దమ్మలను పక్కన కూర్చోబెట్టుకుంటే సగం పాఠం వాళ్లే చెబుతారు.