గాయకులు మారిన మేళము

మన కచేరీలలో గాయకుడు ప్రధానుడు. వయొలిను, మృదంగములు పక్కవాద్యములు. పక్కన ఎవరు కూర్చున్నను కచేరీ గాయకుని పేరనే చెల్లును. ఈ అలవాటుతో పెరిగిన చెవులకు అమెరికా దేశపు టవర్ ఆఫ్ పవర్ అను మేళము మొదట వింతగా తోచును. అచ్చట మారినవారు గాయకులు, నిలిచినవి వాద్యములు. మనుష్యులు ఇంతగా మారిన పిదప మేళము ఆ మేళమేనా? మేమిక్కడ విచారింపదలచినది ఇదియే.

కాలిఫోర్నియాలోని ఓక్లండ్ ప్రాంతమున, ఎమీలియో కాస్టిల్లో నడుపుచున్న బృందమున 1968లో స్టీఫెన్ కుప్కా చేరెను. ఇరువురును సాక్సఫోన్ వాయించువారే. ఆఫ్రికన్ అమెరికనుల చర్చి గానపు ఛాయలు గల సోల్ సంగీతమును, లయప్రధానమైన ఫంక్ పద్ధతిని వీరు చేపట్టిరి. తొలి రికార్డు ‘ఈస్ట్ బే గ్రీజ్’ 1970లో వెలువడెను. 1972 నాటి ‘బంప్ సిటీ’లో ప్రధాన గాయకుడు రిక్ స్టీవెన్స్, మరుసటి యేట లెన్నీ విలియమ్స్, 1975 నాటి ‘ఇన్ ది స్లాట్’లో హ్యూబర్ట్ టబ్స్. నాలుగేండ్లు నిండకుండ మూడు గొంతులు!

అయినను మేళము చెదరలేదు. పాటలలో పెక్కింటిని వ్రాసినవారు గాయకులు కారు, ఆ సాక్సఫోన్ జంటయే. ‘వాట్ ఈజ్ హిప్’ అను ప్రసిద్ధ గీతము వారిరువురును, డ్రమ్ములు వాయించు డేవిడ్ గారిబాల్డియు కలసి కట్టినది. గారిబాల్డికి జతగా బాస్ గిటారుపై రాకో ప్రెస్టియా. ఇతడు ఎడమచేతితో తీగలను అదిమిపట్టి, నాదమును పూర్తిగా మ్రోగనీయక, ఒక్కొక్క దెబ్బకు నాలుగేసి చిన్న స్వరములుగా నడపును. ఆ నడకపై బాకాలును సాక్సఫోన్లును ఒక్కమారు లేచి, ఒక్కమారు తెగును. అడుగున కుప్కా బారిటోన్ సాక్సఫోన్ గంభీరముగా ఉరుముచుండును. 1974 నాటి ‘బ్యాక్ టు ఓక్లండ్’లోని ‘స్క్విబ్ కేక్స్’ వినుడు. అందు గొంతే లేదు, లోటును తోచదు.

లోటు తోచినది మరియొకచోట. 1978లో ‘వీ కేమ్ టు ప్లే’ వెలువడునాటికి ప్రెస్టియా మేళమున లేడు. అది డిస్కో నృత్యముల కాలము. బాకాలు అవే మెరుగుతో పలికినను, క్రింది నేల గట్టిగా లేదని మాకు తోచినది. గాయకులు వెడలినపుడు కలుగని వెలితి బాస్ వాదకుడు లేనపుడు కలిగెను. దీనిని మా చెవుల పక్షపాతమని కొందరు అనవచ్చును, అననిండు.

ప్రెస్టియా మరల వచ్చెను, 2020లో మరణించెను. గారిబాల్డియు విడిచిపోయి 1998లో తిరిగి చేరెను. ఏబదియేండ్ల పండుగకు 2018లో తెచ్చిన ‘సోల్ సైడ్ ఆఫ్ టౌన్’లో పాడినవారు మార్కస్ స్కాట్, రే గ్రీన్. తొలినాళ్ల శ్రోతలకు ఈ గొంతులు క్రొత్తవి. పాట మొదలై బారిటోన్ ఒక్కమారు ఉరుమగనే, పేరు చూడకయే మేళమును పోల్చుకొంటిమి.