నోరు జారింది ఫాదర్

తెలుగులో తప్పులు చేసేవాళ్లు తక్కువ. తప్పులే వాటంతటవి జరిగిపోతుంటాయి. నోరు జారుతుంది, కోపం వస్తుంది, చెయ్యి లేస్తుంది, పొరపాటు దొర్లుతుంది. మనిషి మాత్రం పక్కన నిలబడి చూస్తున్నట్టుంటాడు. కథోలిక గుళ్లలో తపస్సు కాలం మొదలైందంటే ఈ వ్యాకరణానికి గడ్డుకాలమే.

విభూది బుధవారం నుదుట బూడిద పెట్టించుకున్న దగ్గర్నుంచి పవిత్ర శనివారం దాకా, ఆదివారాలు తీసేస్తే 40 రోజులు. శుక్రవారం సాయంత్రాలు 14 స్థలాల సిలువ మార్గం. గుడిలో ఓ పక్కన పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ ఎదుట పాపాలు ఒప్పుకోవడానికి, వరుస. మాంసం మానేశామని పదిమందికీ చెప్పుకోవచ్చు. ఈ వరుసలో నిలబడ్డప్పుడు మాత్రం తెలిసినవాళ్లెవరూ ఎదురుపడకపోతే బాగుండుననిపిస్తుంది.

ఏడాదికి ఒక్కసారైనా పాపాలు ఒప్పుకోవాలన్నది 1215 నాటి లాటరన్ మహాసభ నియమం. ఘోర పాపమైతే ఏ రకమో, ఎన్నిసార్లో చెప్పాలని 1551లో ట్రెంట్ మహాసభ తేల్చింది. 1983 నాటి శ్రీసభ చట్టంలోనూ అదే ఉంది. కాబట్టి “ఇంట్లో కాస్త గొడవలు ఫాదర్” అంటే సరిపోదు. “మా అమ్మ మీద చెయ్యి చేసుకున్నాను, రెండుసార్లు” అనాలి. కర్త, క్రియ, లెక్క. “మా కోడలు రెచ్చగొట్టబట్టి...” అని ఎత్తుకుంటే అది కోడలి పాపసంకీర్తనం అవుతుంది.

సాకు పాతదే. పండు ఎందుకు తిన్నావంటే ఆదాము హవ్వను చూపించాడు. ఆమెను ఇచ్చింది నువ్వేగా అని దేవుడికీ కొంత అంటించాడు. హవ్వ పామును చూపించింది. పాముకు చూపించడానికి ఎవరూ మిగల్లేదు.

తపస్సు కాలపు మొదటి ఆదివారం ఏటా యేసు ఎడారి శోధనే చదువుతారు. మత్తయిలోనూ లూకాలోనూ మొదటి శోధన రొట్టె. 40 రోజులు పస్తున్నవాడు రొట్టె తింటే తప్పేముంది? శోధన వచ్చేది ఇంత న్యాయంగానే. తర్వాత కారణాలు వెతుక్కోనక్కర్లేకుండా దొరికేదీ అందుకే.

లూకా 15వ అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడు పందుల దగ్గరే మాటలు కూర్చుకుంటాడు: పాపం చేశాను, కొడుకుననిపించుకోవడానికి తగను, కూలివాడిగా పెట్టుకో. ఇంటికొచ్చాక తండ్రి ఆ మూడోమాట దాకా రానివ్వలేదు. ఉంగరం, చెప్పులు తెమ్మని పనివాళ్లను పురమాయించాడు. ఆ దేశంలో కరువు నిజంగానే వచ్చింది. కొడుకు ఆ కరువు ఊసే ఎత్తలేదు.

ప్రొటెస్టంటు సంఘాల్లో ఈ పాపసంకీర్తనపు వరుస ఉండదు. ఈ రోజుల్నే వాళ్లు శ్రమకాలమంటారు; ఆ ఆరాధనల్లో ఒప్పుకోలు ప్రార్థన అందరూ కలిసి చెబుతారు. అయితే కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమన్న ఆజ్ఞ ఇద్దరికీ ఒకటే. ఆ పని ఇప్పుడు వాట్సాప్ స్టేటస్ మీద పడింది: తెలిసో తెలియకో ఎవరినైనా నొప్పించి ఉంటే క్షమించాలట! అందులో నొప్పించినవాడూ లేడు, నొచ్చుకున్నవాడూ లేడు.

2014 మార్చి 28న సెయింట్ పీటర్స్ బసిలికాలో పాపసంకీర్తనాలు వినడానికి వెళ్లిన పోప్ ఫ్రాన్సిస్, ముందు తానే వేరొక గురువు ఎదుట మోకరించారు. ఏం చెప్పుకున్నారో ఎవరికీ తెలియదు. విన్న గురువు బయటపెడితే శ్రీసభ నుంచి వెలే.

మట్టల ఆదివారం దాటితే వరుస గుమ్మం దాకా వస్తుంది. వెళ్లదలచినవాళ్లు ఆలోపే ఏదో ఒక శుక్రవారం వెళ్లడం మేలు.